మొదటి గొట్టం

ఇంటి నుంచి,
ఆదివారం మధ్యాహ్నం

పిచ్చుకా,

మీ అన్నయ్య పెట్టిన పేరుతోనే పిలుస్తున్నాను. ఈ ఇంట్లో నిన్ను వేరే పేరుతో పిలిస్తే ఎవరో పరాయి మనిషిని పిలిచినట్టుంటుంది.

మేమిక్కడ క్షేమం అని మొదలుపెట్టాలి. పెట్టలేకపోతున్నాను, ఏమీ అనుకోకు. ఫోన్ చేసి చెప్పవచ్చు కదా అంటావు. మీ అమ్మకు కళ్లు మసకబారాయి గానీ చెవులు మాత్రం పాముచెవులే. వంటగదిలో గుసగుసలాడినా ముందుగదిలోంచి జవాబు వస్తుంది. అందుకే కాగితం.

విషయం ఇది. అత్తయ్య నా చేత్తో మందు తీసుకోవడం మానేశారు. మొదట్లో నేను గమనించలేదు. పొద్దున బీపీ మాత్ర, షుగరు మాత్ర నీళ్లతో పాటు తెస్తే ‘అక్కడ పెట్టు’ అనేవారు. పెట్టేదాన్ని. తర్వాత తానే మాత్రల డబ్బా ఒళ్లో పెట్టుకుని తడిమి వేసుకోవడం మొదలుపెట్టారు. రెండూ తెల్లవే, రెండూ గుండ్రమే. మొన్న షుగరు మాత్ర బదులు కూడా బీపీ మాత్రే పడినట్టుంది, స్నానాలగది గుమ్మంలో కళ్లు తిరిగి కూలబడ్డారు. అదృష్టం బాగుండి దెబ్బ తగల్లేదు. మంచం మీద కూర్చోబెట్టి, ఇకనుంచి నేనే నోట్లో వేస్తానన్నాను.

అప్పుడన్నారు: “నీ చేతి ముద్ద తింటాను, ఆకలి కాబట్టి. నీ చేతి మందు మాత్రం మింగను. నా కొడుక్కి మందు ఇచ్చింది ఆ చెయ్యే.”

గట్టిగా అరిచినా బాగుండేది. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పారు.

ఇప్పుడు పక్కింటి కుట్టుపనామెను బతిమాలుకున్నాను. పొద్దునే మాత్రలు విడదీసి ఆమె చేతికిస్తాను, ఆమె గడప దాటి వచ్చి అత్తయ్యకు ఇస్తుంది, ఆవిడ మింగుతారు. అవి నేను తీసిన మాత్రలేనని ఆవిడకు తెలుసు. చెయ్యి మారితే చాలు. ఆ కుట్టుపనామె పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే వస్తుంది. ఏదో ఒకరోజు మాత్రతో పాటు సూది కూడా మింగించేస్తుందేమోనని నా భయం.

జరిగినదంతా నీకు తెలిసిందే. అయినా వరసగా రాస్తాను, చివర నిన్నొకటి అడగాలి కాబట్టి. మీ అన్నయ్యకు దగ్గు, జ్వరం వచ్చాయి. న్యుమోనియా మొదలవుతోందని వీధి చివరి డాక్టరు వారానికి సరిపడా మాత్రలు రాశాడు. సగం దాటేసరికి జ్వరం పోయింది. బడి పుస్తకాల ఆర్డరు నెత్తి మీద ఉందని ఆయన బైండింగు షాపు తెరిచేశారు. ‘ఆ మాత్రలు కడుపులో మంట పెడుతున్నాయి, తగ్గిపోయింది కదా, ఇంకెందుకు’ అన్నారు. నేను వద్దన్నాను. ఎంత గట్టిగా అన్నానో మాత్రం గుర్తుకు రావడం లేదు. మిగిలిన మాత్రలు అలమారులో పెట్టేశాను. తర్వాత జ్వరం తిరగబెట్టింది. పెద్దాసుపత్రిలో ఏ మందూ పని చేయలేదు. ‘క్రిమికి మందు అలవాటైపోయింది, సగంలో ఆపేస్తే ఇంతే’ అని అక్కడ ఒక కుర్ర డాక్టరు అత్తయ్య ముందే అన్నాడు. ఆ మాట ఆవిడ చెవిలో అలాగే ఉండిపోయింది. నా చెవిలోనూ.

నువ్వు పని చేసేది ఆ క్రిముల మీదే. నన్ను ఓదార్చడానికి రాయకు. ఆ మిగిలిన మాత్రలు వేసుకుని ఉంటే మీ అన్నయ్య బతికేవారా? అది తెలుసుకుని చెప్పు.

వదిన


ప్రయోగశాల, రెండో అంతస్తు,
గురువారం

వదినా,

ఉత్తరం అందింది. ఇది నీకు ముందే చెప్పాల్సింది.

మందుకు లొంగని క్రిములను పెద్దాసుపత్రి వాళ్లు మా ల్యాబుకు పంపుతుంటారు. అన్నయ్య ఊపిరితిత్తుల్లోంచి తీసినది కూడా వచ్చింది. నమూనా ఉన్న గొట్టం మీద పేరు ఉండదు, అంకె ఉంటుంది. వార్డు, వయసు, తేదీ చూసి గుర్తుపట్టాను. మా ల్యాబు పెద్దావిడ దాన్ని ఇంకొకరికి ఇస్తానన్నారు. నేనే ఉంచుకున్నాను.

ఫ్రీజర్లో ఉంది. బతికే ఉంది.

అది మందును ఎలా తట్టుకుందో చూస్తున్నాను. తెలిశాక రాస్తాను. అమ్మకు ఇప్పుడే చెప్పకు.

పిచ్చుక


ఇంటి నుంచి,
బుధవారం, అత్తయ్య నిద్రపోతున్నప్పుడు

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి అలమారులో దాచాను. మళ్లీ తీసి చదివి, ఈసారి పప్పుల డబ్బా వెనక దాచాను. అక్కడా మనసు ఊరుకోలేదు.

మీ అన్నయ్య లేరు, అది ఉంది. దానికొక ఫ్రీజరు, వేళకు తిండి, నీ కాపలా. నాకు కోపం వచ్చింది. నీ మీద కాదు అని రాయబోయి ఆగిపోయాను. నీ మీద కూడా వచ్చింది. రోజూ దాన్ని ఏ చేతులతో ముట్టుకుంటున్నావు?

తర్వాత బట్టలు ఆరేస్తూ ఆలోచించాను. షాపు తాళం నేనూ ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. రెండు మూడు రోజులకోసారి వెళ్లి జిగురు డబ్బా మూత తీసి, కాసిని నీళ్లు పోసి, గట్టిపడకుండా కలిపి వస్తుంటాను. ఎవరి కోసం అని నువ్వూ నన్ను అడగవచ్చు. కాబట్టి నిన్ను అనడానికి నాకు నోరు లేదు.

నాకు అర్థం కానిది ఒకటి చెప్పు. కంటికి కనపడని పురుగు మందును అలవాటు చేసుకోవడం ఏమిటి? మనకు కాఫీలో చేదు అలవాటైనట్టా? దానికి ఎవరు నేర్పారు? పెద్ద పెద్ద మాటలు వద్దు. ఇన్నేళ్లు అచ్చు కాగితాలను ఫారాలుగా మడిచి, దారం ఎక్కించి ఇచ్చినదాన్ని కదా, నాకు వచ్చిన శాస్త్రం బైండింగొక్కటే. ఆ భాషలో రాయి.

ఇంకో సంగతి. కుట్టుపనామె వచ్చే వారం కూతురి కాన్పుకని ఊరెళ్తోంది. తిరిగి ఎప్పుడొస్తుందో ఆమెకే తెలియదు. ఆ తర్వాత అత్తయ్యకు ఎవరి చేత్తో ఇప్పించను? ఎదురింటివాళ్లను అడుగుదామా అంటే, ‘కోడలు ఇవ్వడానికేమైంది’ అంటారు. ఏమైందో చెప్పుకోలేను. మాత్రలు మానేస్తే ఆవిడ ఎన్నాళ్లు నిలబడతారు? కాస్త తొందరగా రాయి.

వదిన


ప్రయోగశాల, కిటికీ పక్క బల్ల,
శనివారం

ప్రియమైన వదినకు,

అన్నయ్య ఒకసారి భూగోళం పుస్తకాల మధ్యలో వంటల పుస్తకం ఫారం ఒకటి కలిపి కుట్టేశాడు, గుర్తుందా? రెండింటిదీ ఒకటే కాగితం, ఒకటే కొలత. నది కొండల్లో పుడుతుంది, పేజీ తిప్పగానే పిండి జల్లించి చిటికెడు ఉప్పు వేయమంటుంది. మాస్టారు దెబ్బలాటకు వచ్చి, ‘మా పిల్లలకు ఏడాది మొత్తం మీద బాగా వచ్చిన పాఠం అదొక్కటేనండీ’ అని నవ్వేసి వెళ్లాడు. ఈ క్రిమిలో జరిగింది సరిగ్గా ఆ పొరపాటే. కాకపోతే దానికి లాభించింది.

ప్రతి బాక్టీరియాకూ లోపల ఒక బతుకుపుస్తకం ఉంటుంది. డీఎన్‌ఏ అంటాం. రెండు పోగులు పెనవేసిన పొడుగాటి దారం అనుకో. మన గొంతులో ఈ న్యుమోనియా క్రిమికి దూరపు చుట్టాలుంటాయి, సాధువులు, ఎవరి జోలికీ పోవు. కానీ కొన్నింటి పుస్తకంలో మందును తట్టుకునే పేజీ ఉంటుంది. అలాంటిదొకటి చచ్చి పగిలితే పేజీలు బయట చెల్లాచెదురవుతాయి. బతికున్న క్రిమి ఆ చచ్చినదాని పేజీ ఏరుకుని తన పుస్తకంలో కుట్టుకుంటుంది. నేర్పినవాళ్లు ఎవరూ లేరు వదినా. చచ్చినదాని దగ్గర తీసుకుంది.

ఈ కుట్టుపనంతా చేసేవి ఎంజైములు. అన్నయ్య షాపులో కత్తి వేరు, సూది వేరు, జిగురు బ్రష్షు వేరు. ఎంజైములూ అంతే, దేని పని దానిదే. ముందు క్రిమికి గడ్డుకాలం రావాలి. కిక్కిరిసిపోయినప్పుడో, కొన్ని మందుల దెబ్బ తగిలినప్పుడో అవి ఒకదానికొకటి కబురు పంపుకుని తలుపులు తెరుస్తాయి. తెరిచి ఊరికే కూర్చోవు. గోడలను కోసే ఎంజైమును బయటికి వదులుతాయి. తలుపు తెరవని తోబుట్టువులు, చుట్టుపక్కల చుట్టాలు దాంతో పగిలిపోతాయి. వదిలినవి మాత్రం తమకు ముందే కవచం తొడుక్కుంటాయి. దీనికి మా వాళ్లు పెట్టిన పేరుకు అర్థం సోదరహత్య. పాఠం చెప్పేటప్పుడు ఆ మాట నేనూ మామూలుగా వాడేదాన్ని. ఈమధ్య వాడటం లేదు.

ఇక గుమ్మం దగ్గర ఒక కత్తెర ఎంజైము కాచుకుని ఉంటుంది. బయటి దారం వచ్చిందంటే రెండు పోగుల్లో ఒకదాన్ని ముక్కలు ముక్కలు చేసి పారేసి, రెండోదాన్ని మాత్రమే లోపలికి పోనిస్తుంది. జంటగా వచ్చినది ఒంటిగానే లోపల అడుగుపెట్టాలి. లోపలా దానికి నిలకడ లేదు. పరాయి పోగు కనపడితే నరికేసే ఎంజైములు తిరుగుతుంటాయి. అందుకని కొన్ని ప్రోటీన్లు వెంటనే దాన్ని చుట్టుకుని కాపాడతాయి. ఇంకొకటి దాని చెయ్యి పట్టుకుని పుస్తకమంతా తిప్పి, అదే పోలికలో ఉన్న పేజీ ఎక్కడుందో వెతికి, పాతదాన్ని తప్పించి దీన్ని జొనుపుతుంది. చివర అతికించే ఎంజైము వచ్చి సందు మూస్తుంది. అతుకు ఎక్కడుందో తెలియదు. అన్నయ్య చూస్తే కుళ్లుకునేవాడు.

నమ్మడానికి రుజువు కావాలి కదా. మన గొట్టంలోని క్రిమిని పగలగొట్టి సారం తీశాను. మందు చుక్క పడితే చచ్చే అమాయకపు క్రిములకు ఆ సారం కలిపి, మందు వేసిన పళ్లెంలో పరిచాను. కొన్ని బతికి మచ్చలు మచ్చలుగా పెరిగాయి. సారంలోని ప్రోటీన్లను నరికే ఎంజైము వేసి మళ్లీ చేశాను, అయినా పెరిగాయి. డీఎన్‌ఏను నరికే ఎంజైము వేసి చేశాను, పళ్లెం ఖాళీగా ఉంది. అంటే చేతులు మారినది ఆ పేజీయే. అక్షరం అక్షరం చదివి చూస్తే అది గొంతులోని చుట్టాలదే.

ఇప్పుడు నువ్వడిగినది. మాత్రలు మొదలుపెట్టకముందు వీధి చివరి డాక్టరు తీసిన కఫం కూడా నాకు దొరికింది. ఆ మొదటి గొట్టం పెద్దాసుపత్రి నిల్వగదిలో వేరే అరలో ఉండిపోయిందట. నీలం మూత, అంచున చిన్న పగులు. అక్కడి గుమాస్తాను రెండుసార్లు అడిగి తెప్పించుకున్నాను. అందులోని క్రిమిలోనూ ఆ పేజీ ఉంది. అదే చోట, అదే అతుకు. కాబట్టి మొదటి మాత్ర మింగకముందే అది ఆ మందుకు లొంగనిది. మధ్యలో జ్వరం తగ్గింది ఒంట్లో సత్తువ వల్లే గానీ మాత్రల వల్ల కాదు. మిగిలినవి వేసుకున్నా అంతే, వేసుకోకపోయినా అంతే. నీ చేతిలో ఏమీ లేదు, నీ చెయ్యి ఏమీ చేయలేదు.

ఇది అమ్మకు మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించు.

నీ పిచ్చుక


ఇంటి నుంచి,
సోమవారం

పిచ్చుకా,

చదివి వినిపించాను. వంటల ఫారం దగ్గర నాకు నవ్వొచ్చింది, ఆగలేకపోయాను. అత్తయ్య కళ్లు మూసుకుని విన్నారు. ఎంజైముల దగ్గర నిద్రపోయారేమో అనుకున్నాను గానీ, ‘ఆ కత్తెరది మళ్లీ చదువు’ అన్నారు. అంతా అయ్యాక గోడ వైపు తిరిగి పడుకున్నారు.

మర్నాడు కుట్టుపనామె సంచి సర్దుకుని వెళ్లిపోయింది. నేను మాత్రలు పళ్లెంలో పెట్టుకుని మంచం పక్కన నిలబడ్డాను. ఎవరది అని అడగలేదు అత్తయ్య. చెయ్యి చాపారు. రెండు మాత్రలూ అరచేతిలో పెట్టాను, మింగారు, గ్లాసు తిరిగి ఇచ్చారు. నేను వంటగదిలోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చాను. ఆ రోజు నుంచి ఇలాగే నడుస్తోంది. నీ నోట్లో చక్కెర పోయాలి.

ఈ ఉత్తరం ఇక్కడితో మడిచి పోస్టు చేయాల్సింది. చేయలేదు. కవరు బల్ల మీదే ఉంచుకున్నాను.

శుక్రవారం

బజారు నుంచి వస్తూ వీధి చివరి డాక్టరు గుమ్మం ముందు ఆగాను. కాలికి రాయి గుచ్చుకుంటే చెప్పు విడిచి దులుపుకుంటున్నాను, అంతే. లోపల బల్ల మీద ఎవరో మొగుడూ పెళ్లాలు. ఆయన దగ్గుతున్నాడు, ఆవిడ సంచి ఒళ్లో పెట్టుకుని గోడ మీది బొమ్మ చూస్తోంది.

ఆ రోజు అదే బల్ల మీద నేనూ కూర్చున్నాను. డాక్టరు మీ అన్నయ్య వీపు మీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు, నాలుక చూశాడు, చీటీ రాశాడు. మేం లేచి వచ్చేశాం. ఇందులో ఉమ్మి తెమ్మని ఎవరూ సీసా ఇవ్వలేదు, గొట్టమూ ఇవ్వలేదు.

ఇది ఇవాళ గుర్తొచ్చింది కాదు. నీ ఉత్తరం మొదటిసారి చదువుతున్నప్పుడే తెలుసు. తెలిసీ ఆగకుండా చదువుకుంటూ పోయాను. ఈ నాలుగు రోజులూ తెలియనిదానిలాగే ఉన్నాను. హాయిగా ఉంది, అదీ దాచను.

ఆ నీలం మూత గొట్టం ఎక్కడిది?

వదిన


ప్రయోగశాల,
బుధవారం

వదినా,

మొదటి గొట్టం లేదు.

ఆ పేజీ మాత్రలకు ముందు చేరిందో, మాత్రలు వేసుకుంటుండగా చేరిందో, మానేశాక చేరిందో ఆ గొట్టం ఉండి ఉంటే అదొక్కటే చెప్పగలిగేది. ఇక ఎవరూ చెప్పలేరు.

మిగతాదంతా నిజమే.

పిచ్చుక


ఇంటి నుంచి,
ఆదివారం

పిచ్చుకా,

అత్తయ్యకు చెప్పకూడదనే అనుకున్నాను. ఆవిడ మందు మింగుతున్నారు, కళ్లు తిరగడం లేదు, నిన్న తానే లేచి వాకిలి దాకా వెళ్లి పాలవాడితో పోట్లాడారు. చెప్పి బాగుపడేది ఏముంది అనుకున్నాను. కానీ పొద్దున ఆవిడ చెయ్యి చాపినప్పుడల్లా, ఆ చెయ్యి నా కోసం రావడం లేదనీ, ఎక్కడా లేని ఆ గొట్టం కోసం వస్తోందనీ అనిపించేది. అలా ఇస్తూ ఎన్నాళ్లు పోను?

ఇవాళ మాత్రలు పళ్లెంలో పెట్టుకుని, ఇవ్వకుండా, ఎదురుగా కూర్చున్నాను. పిచ్చుక రాసినదాంట్లో ఒక్కటి నిజం కాదని చెప్పాను. మొదటి రోజు డాక్టరు ఏమీ తీయలేదనీ, మిగిలిన మాత్రలు వేసుకుని ఉంటే మీ అబ్బాయి బతికేవారో లేదో తెలియదనీ, తెలుసుకునే దారి కూడా లేదనీ చెప్పాను. బతికేవారేమో అని కూడా అన్నాను. ఆ మాట బయటికి అనడం నాకిదే మొదలు.

అత్తయ్య కిటికీ వైపు తిరిగారు. అక్కడ వెలుతురు తప్ప ఆవిడకేమీ కనపడదు.

“నాకు ఆ రోజే తెలుసు,” అన్నారు. “చిన్నప్పటి నుంచీ అది అంతే. నిజమైతే రెండు ముక్కల్లో తేల్చేస్తుంది. అబద్ధమైతే మూత రంగు కూడా చెప్తుంది.”

మరి నా చేత్తో మందు ఎందుకు తీసుకున్నారని అడిగాను.

“చదువుతుంటే విన్నాను కదా. వాడు పోయాక నువ్వు గుండెల నిండా ఊపిరి తీసుకోవడం అదే మొదలు. నేను ఇంకా మూతి ముడుచుకుని కూర్చుంటే అదీ ఆగిపోతుందని.”

క్షమించానని అనలేదు పిచ్చుకా. నేనూ అడగలేదు. పైగా, గట్టిగా చెప్పి ఉండాల్సిందని కోప్పడ్డారు. ఎదురు చెప్పే నోరు లేని ఇల్లాలివి, మొగుడితో మాత్రం మాత్రలు ఎలా మింగిస్తావు అన్నారు. తిట్టనిచ్చాను. ఆవిడ తిట్టిన కొద్దీ గొంతు సన్నబడింది. చివరికి దుప్పటి అంచు వేళ్లకు చుట్టుకుంటూ అన్నారు, “తెలియదంటే తెలియదే. నీకూ తెలియదు, నాకూ తెలియదు. ఇక ఇద్దరం ఇట్లాగే ఉండాలి.”

ఊరెళ్లిన కుట్టుపనామె తిరిగి వచ్చింది, మనవరాలు పుట్టిందట. రేపటి నుంచి మళ్లీ ఆమెను పిలవనా అని అడిగాను. అత్తయ్య చిరాకుపడ్డారు.

“ఎందుకు, ఆమెకు వేరే పని లేదా?”

ఆ తర్వాత మాత్రలు తీసుకున్నారు. మేమిద్దరం చాలాసేపు అక్కడే కూర్చున్నాం. ఎవరం ఏడవలేదు. పొయ్యి మీద పాలు పొంగి పోయాయి, ఆ వాసన ఇద్దరికీ తెలుస్తోంది, అయినా లేవలేదు.

నీ గొట్టం సంగతి. నీ పనికి, పదిమంది రోగులకు పనికొస్తుందనుకుంటే ఉంచు. మీ అన్నయ్య కోసమైతే మాత్రం ఉంచకు. అందులో ఆయన లేరు. నువ్వు అక్కడ ఒక్కదానివే ఆ ఫ్రీజరు తలుపు తీసి చూసుకుంటూ, ఎవరితోనూ చెప్పుకోకుండా, వచ్చి నాకు సోదరహత్య గురించి పాఠం రాశావు. నీ గురించి ఒక్క ముక్క రాయలేదు. నేనూ అడగలేదు, నా గొడవలో పడి. నీకు అన్నయ్య పోయాడు కదా.

అబద్ధం రాసినందుకు నాకు కోపం లేదు. దాని పుణ్యమా అని నాకు నాలుగు రోజులు దొరికాయి. కానీ ఇకమీదట నాకు చిన్న ఉత్తరాలే రాయి. బాగుంటే రాయకపోయినా పర్వాలేదు. బాగా లేనప్పుడు ‘బాగా లేను’ అన్న ముక్కొక్కటి రాసి పంపు, అత్తయ్యను వెంటబెట్టుకుని వచ్చేస్తాను.

వదిన